ఆ మాట ముతర్జిమ్ సాబ్‌ది కాదు

అబిడ్స్‌లో జీపీఓ దాటాక, ఫుట్‌పాత్ రెయిలింగుకు కట్టిన ఫ్లెక్సీ మీద ఆయన ముఖం కనిపించింది. "భాగ్యనగరం పేరు కోసం గళమెత్తిన పెద్దాయనకు అశ్రునివాళి" అని కింద పెద్ద అక్షరాలు. ఆ అక్షరాల కింద, ఆయన ముఖం కన్నా పెద్దవిగా, ఫ్లెక్సీ కట్టించినవాళ్ల ముఖాలు. ఆయన పోయారని నాకు అలా తెలిసింది, సిగ్నల్ దగ్గర ఆగిన బస్సు కిటికీలోంచి.

అది ఎవరో తీసిన ఫొటో కాదు. ఒక వీడియోను మధ్యలో ఆపి అందులోంచి తీసుకున్న బొమ్మ. నోరు సగం తెరిచి ఉంది, చెయ్యి గాల్లో ఉంది, కళ్లలో తడి ఉంది. ఆ వీడియోను కత్తిరించింది నేనే. అందులోని మాట ఆయన సొంత మాట కాదని తెలిసే కత్తిరించాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచి చెప్పాల్సినంత గొప్ప రహస్యం కాదది. ఆ ఫ్లెక్సీ మీద ఉన్న మనిషి వేరు, నాకు తెలిసిన మనిషి వేరు అని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన నాంపల్లి కోర్టులో తర్జుమా చేసే పని చేసి రిటైరయ్యారు. సాక్షి తెలుగులో చెప్పింది జడ్జికి ఇంగ్లీషులో, వకీలు అడిగింది సాక్షికి ఉర్దూలో, ఇలా ముగ్గురి మధ్య మాటలు మోయడం ఆయన ఉద్యోగం. ఉర్దూలో అలాంటివాడిని ముతర్జిమ్ అంటారు. నాంపల్లిలో అందరూ ఆయన్ను ముతర్జిమ్ సాబ్ అనేవారు. సొంత ఊరు మెదక్ వైపు ఏదో పల్లె. మెడదాకా గుండీలు పెట్టిన తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. రెండూ రాసేవి కావు. ఎవరైనా సంతకానికి పెన్ను అడిగితే, "నాది నోటి పని భాయ్, చేతి పని కాదు" అనేవారు.

మంచివాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. నలుగురిలో కూర్చుంటే చాయ్ ఎప్పుడూ ఇంకొకరే చెప్పాలి. ఎదుటివాడు మాట్లాడుతుంటే మాట మధ్యలో ఆపి పదం సరిచేసేవారు. పైగా ఎవరూ అడక్కుండానే తర్జుమా చేసేవారు. అది కోర్టులో పట్టుకుని రిటైరయ్యాక కూడా వదలని జబ్బు.

ఒకరోజు నాంపల్లి స్టేషన్ ముందు ఒక ఆటో డ్రైవరుకూ, సూట్‌కేసుతో దిగిన ఒక పెద్దమనిషికీ గొడవైంది. ఆ పెద్దమనిషి కోపం వస్తే ఇంగ్లీషులోకి వెళ్లే రకం. "డోంట్ టచ్ మీ" అని అరిచాడు. ముతర్జిమ్ సాబ్ వెళ్లి ఇద్దరి మధ్యా నిలబడి, ఆటో అతనితో ఎంతో మర్యాదగా, "నన్ను ముట్టకు" అన్నారు.

"నిన్నెవడు ముట్టిండు పెద్దాయనా?" అన్నాడు ఆటో అతను.

"నన్ను గాదు, ఆయన్ను."

"మరి నన్ను ముట్టకు అంటవేంది?"

"ఆయన నన్ను అన్నడు గద!"

ఆటో అతను ఉర్దూలో ఒక బూతు తిట్టాడు. ముతర్జిమ్ సాబ్ వెంటనే సూట్‌కేసు మనిషి వైపు తిరిగి, ఆ బూతును ఒక్క ముక్క తగ్గకుండా చక్కటి ఇంగ్లీషులో అప్పజెప్పారు. ఆ మనిషి ఈయన చొక్కా పట్టుకున్నాడు. చివరికి ఆటో అతనే ఈయన్ను విడిపించాడు. ఆ పెనుగులాటలో అసలు గొడవ ఇద్దరూ మర్చిపోయారు. హోటల్లోకి వచ్చి కూర్చుని గుండీలు సర్దుకుంటూ, "మంచిగైంది. ఇద్దరు రాజీ అయిన్రు" అన్నారు.

అలా 'నేను' అనడం గురించి నేను ఒకసారి అడిగాను. అప్పుడు మాత్రం ఆయన గొంతులో వెటకారం లేదు. "సాక్షి నేను గొడ్డలితోని కొట్టిన అంటే, నేను జడ్జి దిక్కు తిరిగి నేను కొట్టిన అనే అనాలె. కొట్టిండంట సార్ అన్ననంటే గా మాటల నా వాసన తాకుతది. నేను సాక్షిని కాదు, వకీలును కాదు. నోరు. గంతే" అన్నారు. తర్వాత నవ్వారు. "ఈ నాంపల్లిల నేను ఒప్పుకున్నన్ని ఖూనీలు ఇంకోడు ఒప్పుకోలే. ఒక్క దినం గూడ జైలుకు పోలే."

ఆ హోటలు స్టేషనుకు ఎదురుగా ఉన్న పాత ఇరానీ హోటలు. నేను పనిచేసే న్యూస్ చానెల్ ఆఫీసు అబిడ్స్ వైపు ఉండేది. కాచిగూడలో ఇల్లు. పొద్దున్న డ్యూటీకి ముందు అక్కడ చాయ్ తాగడం నాకు అలవాటు. ముతర్జిమ్ సాబ్ ఎప్పుడూ ఒకే బల్ల దగ్గర, ఒకే మనిషితో కూర్చునేవారు. ఆ రెండో మనిషి అబిడ్స్ సందులో గడియారాలు బాగుచేసే దుకాణం ఆయన. ఆయన్ను ఘడీసాబ్ అనేవాళ్లం. ముతర్జిమ్ సాబ్ కుర్రవాడిగా పట్నం వచ్చి ఉర్దూ నేర్చుకున్నది ఈయన దగ్గరే. ఇద్దరూ 'అరే తురే' అనుకునేవారు. ఆ వయసులో వాళ్లను అలా పిలిచేవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు.

నన్ను ఆటపట్టించడం ఇద్దరికీ ఇష్టం. మా నాన్న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు గుంటూరు నుంచి సెక్రటేరియట్ ఉద్యోగంతో వచ్చారు. నేను ఇక్కడే పుట్టినా మా ఇంటి యాస పోలేదు. "నువ్వు హైద్రాబాదూ అంటవు, దానికి తోక పెడతవు" అనేవారు ముతర్జిమ్ సాబ్. "ఉర్దూల బాద్ కాడ గుర్రాన్ని ఆపినట్టు ఆగాలె. తెలుగుల ఆగదు, దూ అని జారుతది. ఇంగ్లీషోనికి హైడ్రబ్యాడ్. నడుమల పండ్లిరగ్గొడ్తడు. రైలు టికెట్ మీద హైదరాబాద్ దక్కన్ అని ఉంటది, దిగినోడు నాంపల్లి అంటడు."

"నీకు మాత్రం ఏమొచ్చింది?" అనేవారు ఘడీసాబ్. "హై అని పెదవుల మీదికెల్లి తీస్తవు. హల్క్‌లకెల్లి తీయాలె మియా, గొంతుల కెల్లి."

"మీ గొంతుల ఏముందో మా గొంతుల లేదు భాయ్. మాది జొన్న గటుక తాగిన గొంతు."

ఊరి పేరు ఎలా వచ్చిందన్న సంగతి ఆయనకు పెద్ద వినోదం. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బజారు పెడతారు కదా, అక్కడ నిలబడి, అడిగినవాడికి చెప్పేవారు. చెప్పేవారు అనకూడదు, ఆయా మనుషులు అయిపోయేవారు. ఎడమ వైపు తిరిగి, భాగమతి పేరు మీద ఈ ఊరు పుట్టిందని నమ్మే మనిషి అయ్యేవారు. "మా తల్లి పేరు ఇది" అని గుండె మీద చెయ్యి వేసుకునేవారు. తర్వాత అరచేత్తో మూతి తుడుచుకునేవారు. అంటే ఆ మనిషి వంతు అయిపోయిందని. కుడి వైపు తిరిగి, హైదర్ అంటే సింహం, అది హజ్రత్ అలీకి ఉన్న బిరుదు, ఈ ఊరు ఆ పేరు మీద కట్టారు అనే మనిషి అయ్యేవారు. మళ్లీ మూతి తుడుచుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, తోటలు చూసి బాగ్‌నగర్ అని రాసుకుపోయిన ఎవరో పరదేశి అయ్యేవారు. ప్రతి ఒక్కరూ 'నేను' అనే మాట్లాడేవారు. ప్రతి ఒక్కరూ తన మాటే నిజమని ప్రాణం పెట్టి చెప్పేవారు. చివరికి ఎవరో ఒకరు, "గవన్నీ సరే, ఏది నిజం సార్?" అని అడిగేవారు. అంతే, ఆయన ముఖం మాడ్చుకుని నడిచి వెళ్లిపోయేవారు.

నేనూ ఒకసారి అడిగాను, కొంచెం మార్చి. "మీరు ఏమంటారు సార్? మీ సొంతంగా?"

చాయ్ కప్పు పక్కకు జరిపారు. "మా అవ్వ పట్నం అనేది. పట్నం పోయిండు మా పోరడు అని. నేను గూడ ఇంట్ల గదే అంట" అన్నారు. ఆయన నోట ఆయన సొంత మాట నేను విన్నది ఆ ఒక్కసారే. అది చెప్పినందుకు కూడా సిగ్గుపడ్డట్టు, వెంటనే మాట మార్చేశారు. "అబిడ్స్ ఒక దుకాణపాయన పేరంట. నాంపల్లి ఒక నవాబుకిచ్చిన బిరుదంట, నేక్‌నామ్ అని, మంచిపేరు అని. దుకాణం పోయింది, నవాబు పోయిండు. పేర్లు పట్టుకొని కొట్లాడేటందుకు మనం ఉన్నం."

ఆ కొట్లాట ఎన్నికల రోజుల్లో వచ్చింది. ఏదో సభలో ఎవరో ఊరి పేరు మార్చాలన్నారు. మా చానెల్‌కు నగరవాసుల అభిప్రాయాలు కావాల్సి వచ్చాయి. ఆదివారం బజారులో ఇలాంటి పెద్దాయన ఒకరు ఉంటారు, భలే చెబుతారు అని డెస్క్‌లో చెప్పింది నేనే. చెప్పినప్పుడు గర్వంగా కూడా ఉంది. టీవీవాళ్లు వస్తారని ఆయనకూ ముందే చెప్పాను. రిపోర్టరు, కెమెరామన్ వెళ్లారు. మధ్యాహ్నానికి కెమెరా మెమరీ కార్డు నా దగ్గరికి వచ్చింది. నేను వీడియో ఎడిటర్‌ని.

ఆయన పుస్తకాల గుట్టల మధ్య నిలబడి ఉన్నారు. ఎడమ వైపు తిరిగారు. "నా ఊరు భాగ్యనగరం. నా తల్లి పేరు. ఎవలన్న నన్ను ఇంకో పేరు పెట్టి పిలుస్తే నేను పలుకుతనా? మరి నా ఊరెందుకు పలకాలె? నా పేరు నాకియ్యిన్రి." చెయ్యి పైకెత్తారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్నిసార్లు చూసిన నాకే ఒళ్లు జలదరించింది. తర్వాత అరచెయ్యి మూతి మీదికి వెళ్లింది.

నా కుర్చీ వెనక నిలబడ్డ డెస్క్ ఇన్‌చార్జి, "ఇక్కడ ఆపు" అన్నాడు.

"ఇంకా ఉంది సార్."

"ఉంటే ఉండనీ. ఇది చాలు. ఏడ్చాడు కూడా, ఇంకేం కావాలి?"

"అది ఆయన మాట కాదు సార్. ఆయన అందరి మాటా అలాగే చెప్తారు. ఇప్పుడు అవతలివాళ్ల మాట చెప్తారు చూడండి."

"నోరు ఆయనదే కదా?" అన్నాడు.

దానికి జవాబు నా దగ్గర ఉంది. చెప్పలేదు. అరచెయ్యి లేవక ముందు దాకా ఉంచి మిగతాది తీసేశాను. కింద 'భాగ్యనగరమే కావాలి: కోర్టు మాజీ ఉద్యోగి ఆవేదన' అని పడింది. అది ఎవరు రాశారో నాకు తెలియదు, నేను అడగనూ లేదు. సాయంత్రానికి ఆ ముక్క ఊళ్లో ప్రతి ఫోనులోనూ ఉంది.

మర్నాడు పొద్దున్న నేను హోటల్‌కు వెళ్లేసరికి, ఘడీసాబ్ కౌంటరు పక్క బల్ల దగ్గర, ఇటు వీపు పెట్టి కూర్చుని ఉన్నారు. ముతర్జిమ్ సాబ్ పాత బల్ల దగ్గర ఒక్కరే. ఎదురుగా ఉన్న కప్పులో చాయ్ అలాగే ఉంది. నేను వెళ్లి కూర్చున్నాను.

"నేను చెప్తాను సార్. మీరు అన్నదంతా వెయ్యలేదని, కోసింది నేనేనని చెప్తాను. ఘడీసాబ్‌కీ చెప్తాను, చానెల్లోనూ చెప్తాను."

"ఏం జెప్తవు? నా నోట్లకెల్లి వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది, కానీ..."

"నాయకులందరు పొద్దుగాల్ల ఒకటంటరు, పొద్దుమీకి నా మాట వక్రీకరించిన్రు అంటరు. నేను బోయి గా లైన్ల నిలబడాల్నా?" అన్నారు. తర్వాత నా వైపు చూసి, "అయినా నీ నౌకరి ఉంటదా మరి?" అన్నారు.

నేను చాయ్ చెప్పాను. "ఊకో" అన్నారు.

నాకు హాయిగా అనిపించింది. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, నిజంగా హాయిగానే అనిపించింది. ఆయనే వద్దన్నారు కదా అనుకున్నాను. చాయ్ మొత్తం తాగాను.

పేరు మార్చాలనే సంఘం వాళ్లు శాలువా పట్టుకుని ముతర్జిమ్ సాబ్ ఇంటికి వచ్చారు. మొదట తిప్పి పంపేశారు. ఇంకోసారి వస్తే వెళ్లారు. ఎందుకు వెళ్లారని అడిగితే, "ఏడనన్న ఒకకాడ కూసోవాలె గద" అన్నారు. ఆ సభకు నేను డ్యూటీ మీద కెమెరామన్‌తో వెళ్లాను. ఆయనకు మైకు ఇచ్చారు. ఎడమ వైపు తిరిగి మొదటి మనిషి మాట చెప్పారు. చప్పట్లు మారుమోగాయి. మూతి తుడుచుకుని కుడి వైపు తిరిగి నోరు తెరిచేసరికి ఎవరో డప్పులు మొదలుపెట్టించారు. శాలువా కప్పారు. ఆయన నోరు ఇంకా కదులుతూనే ఉంది. జనానికి ఒక్క ముక్క వినపడలేదు. అక్కడ కత్తెర కూడా అక్కర్లేకపోయింది.

తర్వాత ఆయన హోటల్‌కు రావడం తగ్గిపోయింది. ఆదివారం బజారులో నిలబడితే కుర్రాళ్లు వేలుపెట్టి చూపించేవారు, "అరే, వీడియో తాత" అని. కొందరు దండం పెట్టేవారు, కొందరు ఉమ్మేసి వెళ్లేవారు. కథ చెప్పమని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. ఆయన మాట ఏదో అందరికీ తెలిసిపోయింది కదా. నేను ఇంకో చానెల్‌కు మారాను. అటువైపు వెళ్లడం మానేశాను. పని ఎక్కువ అని ఇంట్లో చెప్పేవాణ్ని. పనేం ఎక్కువ కాదు.

ఫ్లెక్సీ చూసిన రోజు బస్సు దిగిపోయి, నేరుగా ఘడీసాబ్ దుకాణానికి వెళ్లాను. సందులో చిన్న గాజు కౌంటరు. కంటికి భూతద్దం బిగించుకుని ఏదో గడియారం విప్పుతున్నారు. నన్ను గుర్తుపట్టారు. "టీవీ ఆంధ్రాయన" అన్నారు. కూర్చోమనలేదు. నిలబడే మొత్తం చెప్పాను. ఎవరు ఎక్కడ ఆపమన్నారో, నేను ఎక్కడ కోశానో, ఆయన ఎందుకు నన్ను నోరు మెదపనివ్వలేదో.

భూతద్దం తీయకుండానే, "నాకెర్కే" అన్నారు.

"ఏది?"

"గది వాని మాట కాదని. వాడు ఇంకొకని నోరైనప్పుడు వాని మెడ జర సాగుతది మియా. జిందగీ అంతా ఎదురుంగ కూసున్నోన్ని, నాకెర్క గాదా?"

"మరి ఎందుకు బల్ల మారారు?"

అప్పుడు భూతద్దం తీసి కౌంటరు మీద పెట్టారు.

"ఆ దినం పొద్దుగాల్ల గీడికే వచ్చిండు. టీవీల నీ దిక్కుకెల్లి మాట్లాడాలె, ఏం జెప్పాల్నో చెప్పు అన్నడు. నేను ఒక మాట జెప్పిన. మా అబ్బాజాన్ పోయే ముందల నాతోని అన్న మాట. ఈ షహర్ పేరు గురించి. ఇంట్లోళ్లకు గూడ ఎన్నడు జెప్పలే. వానికి జెప్పిన. ఎందుకంటే వాడు మాట ఒకటి కలపడు, ఒకటి వదలడు. పొద్దుమీకి ఇంట్ల అందర్ని టీవీ ముందల కూసోబెట్టిన. కొడుకులను, కోడండ్లను. ఆగున్రి, ఇప్పుడు నా మాట వస్తది అన్న. మీ దిక్కు మాట వచ్చింది. నాది రాలే."

"ఆయన్ను అడగలేకపోయారా?"

"నేనెందుకడగాలె? వాడే జెప్తడనుకున్న. తెల్లారి హోటల్ల వచ్చి ఎదురుంగ కూసున్నడు. మెడ సాపి, నువ్వు నన్ను దగా చేసినవ్, ఇంగ నీతోని కూసోను అన్నడు. నా కోపం నాకే తర్జుమా చేసి వినిపిచ్చిండు. నవ్వుతననుకున్నడేమో. లేసి పోయిన." చేతిలోని గడియారాన్ని గుడ్డ మీద పెట్టారు. "వాడు గూడ మల్ల రాలే. వాని జిద్దు వానిది, నా జిద్దు నాది. ఒక్క మాట అడగాలె నిన్ను."

"అడగండి."

"నీ తాన మొత్తం వీడియో ఉండె గద. నా దిక్కు తిరిగినంక, నా మాట జెప్పిండా, మర్చిపోయిండా? గంతే. వాన్ని అడుగుదమంటే పోయిండు."

ఆ కార్డు వారం తిరక్కుండానే చెరిపి వేరే షూటింగుకు వాడి ఉంటారు. చెరపక ముందు కూడా, కొయ్యాల్సిన చోటు దొరికాక, దాని తర్వాత ఏముందో నేను వినలేదు. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన నా నోటి వైపే చూస్తున్నారు.

"చెప్పారు" అన్నాను. "చాలా బాగా చెప్పారు."

ఘడీసాబ్ ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయిపోయింది. కౌంటరు మీదికి వంగారు.

"ఏమన్నడు?"

నేను ఆయన కళ్లలోకి చూడలేక గోడ మీది గడియారాల వైపు చూశాను. ఆయన భూతద్దం తీసుకుని మళ్లీ కంటికి బిగించుకున్నారు.

"ఇంగ పో మియా" అన్నారు.